రిటైరైనవాళ్ళం దగ్గర్లోని కాలేజీకి పనికిరావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (విజయవాడ)

థర్మల్_రిటైర్డ్ అడిగారు:

నమస్కారమండి అందరికీ. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. నేను చేరేటప్పటికి 210 మెగావాట్లవి నాలుగు యూనిట్లు నడుస్తున్నాయి, ఐదు, ఆరు మా కళ్ళముందే లేచాయి, తర్వాత 500 మెగావాట్లది వచ్చింది. సగం సర్వీసు షిఫ్టుల్లో కంట్రోల్ రూములోనే గడిచింది, చివరి పదేళ్ళు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. ఇప్పుడు భవానీపురంలో ఉంటున్నాం. పొద్దున్నే పున్నమి ఘాట్ వైపు నలుగురం వాకింగ్‌కి వెళ్తాం, ఒకాయన రైల్వే ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో చేశారు, ఒకాయన బ్యాంకు, ఇంకొకాయన ఆర్టీసీ అకౌంట్స్. మొన్నొక రోజు మెట్లమీద కూర్చుని ఉంటే లోకో షెడ్ ఆయన అన్నారు, ఏవండీ మనకి తెలిసిందంతా మనతోపాటే పోవాల్సిందేనా అని. ఆ మాట పట్టుకుంది నన్ను.

అసలు సంగతేంటంటే పోయినేడు ఒకసారి ప్రయత్నం చేశాను. దగ్గర్లో ఒక కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని కలిసి, నాకు ఖాళీ ఉంది, డబ్బులేం వద్దు, పిల్లలకి ఏదన్నా చెప్తాను అన్నా. ఆయన చాలా మర్యాద చేశారు. వారం తర్వాత సెమినార్ హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి, విద్యుత్ రంగంలో అవకాశాలు అని ఒక గంట మాట్లాడమన్నారు. మాట్లాడాను. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, ఫొటో తీశారు, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో కూడా వచ్చింది. అంతే. మళ్ళీ ఫోన్ లేదు. నేనే రెండుసార్లు చేస్తే ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాం సార్ అన్నారు. వాళ్ళని తప్పుపట్టట్లేదు, వాళ్ళ పనుల్లో వాళ్ళున్నారు.

కానీ ఆ రోజు ఒకటి జరిగింది. అంతా లేచి పోతుంటే ఒక కుర్రాడు స్టేజీ దగ్గరికి వచ్చి, సార్ యూనిట్ ఆపేశాక కూడా టర్బైన్‌ని తిప్పుతూనే ఉంటారంట కదా, ఆవిరి లేనప్పుడు ఎందుకు సార్ తిప్పటం అని అడిగాడు. ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ అడగని మంచి ప్రశ్న అది. లోపల రోటార్ 540 డిగ్రీల ఆవిరితో తిరిగి ఉంటుంది, ఆగంగానే కదలకుండా వదిలేస్తే పైభాగం వేడిగా, కిందిభాగం త్వరగా చల్లారి నడుం వంగిపోతుంది, వంగిన రోటార్‌ని మళ్ళీ స్పీడెక్కిస్తే ఆ అదురుకి మిషనే పోతుంది, అందుకని బారింగ్ గేర్ వేసి పూర్తిగా చల్లారేదాకా నెమ్మదిగా తిప్పుతూనే ఉంటారు. ఇది చెప్పటం మొదలుపెట్టేలోపే బెల్లు కొట్టారు, వాడికి బస్సు టైమైపోయింది. పేరు కూడా అడగలేదు. గంటసేపు చెప్పిన ఉపన్యాసం కంటే వాడికి ఆ రెండు నిమిషాలు చెప్పి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి అడుగుతున్నా. మాలాంటివాళ్ళు నిజంగా పనికొచ్చేట్టు ఒక డిగ్రీ కాలేజీలోనో పాలిటెక్నిక్‌లోనో సాయం చెయ్యాలంటే ఎవరిని కలవాలి, ఏం అడగాలి? కాలేజీలో ఉన్నవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, మావల్ల మీకు ఉపయోగమా, అదనపు తలనొప్పా?

గుంటూరు_కామర్స్ జవాబు:

సార్ నమస్తే. నేను గుంటూరులో డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను, పంతొమ్మిదేళ్ళయింది. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా, తప్పుగా అనుకోకండి.

మీరు వెళ్ళి "ఏదన్నా చెప్తాను" అన్నారు చూడండి, అక్కడే ఇబ్బంది వచ్చింది. ప్రిన్సిపాల్ గారికి ఆ మాట వినంగానే తెలిసిన దారి ఒకటే, గెస్ట్ లెక్చర్. సెమినార్ హాలు, బ్యానర్, శాలువా. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఫైల్లో పెట్టుకోవటానికి అది కావాలి కూడా, ఆ ఒత్తిడి ఎంతుంటుందో బయటివాళ్ళకి తెలియదు. మీరు ఈసారి ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ కోసం ఒక్క కాగితం ఇచ్చి, తర్వాత నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి హెచ్‌ఓడీ గారితో కూర్చోండి. ఒక్క పని చెప్పండి, ఇన్ని వారాలు, ఫలానా వారం, ఫలానా టైమ్, ఇంతమంది పిల్లలు, నాకు ఈ గది కావాలి అని. మేము కాదనటం కష్టం అప్పుడు. "మీకెప్పుడు కావాలంటే అప్పుడు వస్తా" అనేవాళ్ళని మేము ఎప్పుడూ పిలవలేం సార్, మా టైమ్ టేబుల్లో "ఎప్పుడైనా" అనే పీరియడ్ ఉండదు.

ఇంకోటి, మీలాంటి ఇంజినీర్లకి ఇది ముఖ్యం. చాలా కాలేజీల్లో ల్యాబుల్లో వస్తువులు ఉంటాయి, బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఎందుకంటే అది స్టాక్ రిజిస్టర్లో ఎక్కిన వస్తువు, పగిలినా కాలినా ఆ సంతకం పెట్టిన లెక్చరర్ సమాధానం చెప్పుకోవాలి, చాలాచోట్ల ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ. అందుకని ఏడాదికోసారి ప్రాక్టికల్ ఎగ్జామ్‌కి తీసి తుడిచి మళ్ళీ లోపల పెడతారు. ఇది సోమరితనం కాదు, భయం. మీరు వెళ్ళి ఆ బీరువా తెరిపించి, ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో చూసి, బాగుచెయ్యగలిగింది బాగుచేసి, మిగిలినవి పనికిరావని కండెమ్ చెయ్యటానికి లిస్టు రాసిచ్చారనుకోండి, ఆ లెక్చరర్ మీకు జన్మంతా రుణపడి ఉంటాడు. పది గెస్ట్ లెక్చర్ల కంటే అది పెద్ద సాయం, నిజంగా.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. సెమిస్టర్ పరీక్షల నెలల్లో రాకండి, ఎవరూ మొహం చూడరు. క్లాసులు మొదలైన రెండో వారం నుంచి సరైన టైమ్. డిగ్రీ అయితే ఫస్టియర్ అయ్యాక పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చెయ్యాలి, సెకండియర్ అయ్యాక సమ్మర్ ఇంటర్న్‌షిప్, 2020 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి ఇవి తప్పనిసరి చేశారు కదా. కాయితం మీద చాలా మంచి ఆలోచన. కానీ ఒక్కో లెక్చరర్ కింద ముప్పై నలభై మంది, అందరినీ వెంటబెట్టుకుని ఎవరు తిరుగుతారు, కొంతమంది సీనియర్ల రిపోర్టు కాపీ కొట్టి ఇచ్చేస్తున్నారు, మాకు తెలుసు, చూసి కూడా ఏం చెయ్యలేకపోతున్నాం. అక్కడ ఒక్కో పెద్దాయన ఐదుగురు పిల్లల్ని తీసుకున్నా మా ప్రాణం లేచొస్తుంది.

పాత_ఆంధ్రాబ్యాంకు జవాబు:

అన్నగారూ, మీ వాకింగ్ బ్యాచ్‌లో బ్యాంకాయన ఉన్నారన్నారుగా, ఆయనకి ఇది చూపించండి.

నేను ఆంధ్రా బ్యాంకులో చేరాను, పట్టాభి గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు అని గర్వంగా చెప్పుకునేవాళ్ళం, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, బోర్డు మారిన మర్నాడే కౌంటర్లో కూర్చుని పనిచేశాను. రిటైరయ్యాక గుంటూరులో ఒక కాలేజీలో బీకాం పిల్లలతో మూడేళ్ళుగా శనివారం శనివారం కూర్చుంటున్నా.

మొదటి నెల నేనూ మీలాగే చేశానండి. ఉపన్యాసం. మధ్యలో నా సర్వీసు కబుర్లు, ఏ బ్రాంచిలో ఏం జరిగింది, ఏ మేనేజరు ఏమన్నాడు. పిల్లలు మర్యాదకి విన్నారు. నాలుగో వారానికి ముప్పై మంది కాస్తా తొమ్మిది మంది అయ్యారు. ఆ రోజు ఇంటికొచ్చి చాలా బాధపడ్డాను, మా ఆవిడే చెప్పింది, వాళ్ళకి మీ కథలెందుకండీ, చేతికి పని ఇవ్వండి అని.

తర్వాతి వారం నుంచి ఫారాలు పట్టుకెళ్ళటం మొదలుపెట్టా. పే-ఇన్ స్లిప్పు, అకౌంట్ ఓపెనింగ్ ఫారం, లోన్ అప్లికేషన్, రద్దుచేసిన పాత చెక్కులు. ఫైనలియర్ బీకాం పిల్లల్లో సగంమందికి చెక్కు రాయటం రాదంటే మీరు నమ్ముతారా? వాళ్ళ తప్పు కాదు, ఫోన్‌పే తరం, ఇంట్లో చెక్కుబుక్కే చూసి ఉండరు. చెక్కు మూడు నెలలే చెల్లుతుందని, అంకెల్లో ఒకటి అక్షరాల్లో ఒకటి ఉంటే చట్టం ప్రకారం అక్షరాల్లో రాసిందే లెక్కని, చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి కబురొచ్చిన ముప్పై రోజుల్లో నోటీసు ఇవ్వాలని, ఆ నోటీసు అందాక పదిహేను రోజులు ఆగాలని, ఇవన్నీ ఒక్కో చెక్కు చేతిలో పెట్టి అడిగితే వాళ్ళే వాదించుకుంటూ నేర్చుకున్నారు.

ఆ తర్వాత మన ఊరి వ్యవహారం. గుంటూరు కాబట్టి మిర్చి. ఒక షావుకారు రెండువేల టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తెచ్చాడు, ఎంత అప్పివ్వొచ్చు? క్లాసులో ఒకమ్మాయి లేచి, సార్ ఆ సరుకు రైతుకి ఇంకా డబ్బు కట్టకుండా తెచ్చిందైతే దాన్ని కూడా కలుపుతామా అంది. చూడండి, డ్రాయింగ్ పవర్ (సరుకుమీద ఎంత అప్పివ్వొచ్చో) లెక్కలో అసలు కిటుకు అదే, డబ్బు కట్టని సరుకు తీసేసి, మిగిలిన సరుకుమీద మార్జిన్ తీసేసి, ఆ పైన ఉన్నదానికే అప్పు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కూడా పొరపాటు పడే చోటు. ఎట్టా తెలుసమ్మా అంటే వాళ్ళ నాన్న యార్డులో గుమాస్తా అంట. ఆ పిల్ల ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాస్తోంది, ఆదివారాలు కూడా ఫోన్ చేసి డౌట్లు అడుగుతుంది, నాకదే సంతోషం.

ఇంకొక్క పని చాలా అవసరం, ఎవరూ చెయ్యట్లేదు. అడ్మిషన్ల టైములో కాలేజీ గేటు దగ్గర ఒక బల్లేసుకుని కూర్చోండి, ఎడ్యుకేషన్ లోన్ గురించి అడిగినవాళ్ళకి చెప్పండి. బ్యాంకుల మోడల్ స్కీము ప్రకారం 4 లక్షల దాకా మార్జిన్ కట్టక్కర్లేదు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అక్కర్లేదు, ఈ సంగతి తెలియక నూటికి రెండ్రూపాయల వడ్డీకి బయట తెచ్చి ఫీజులు కట్టే తల్లిదండ్రులు ఎంతమందో. ఒకాయన పొలం కాగితాలు సంచిలో పెట్టుకుని తాకట్టుకి తిరుగుతున్నాడు, ఆపి కూర్చోబెట్టి అప్లికేషన్ రాయించాను. నా సర్వీసులో ఇచ్చిన పెద్ద పెద్ద లోన్లేవీ నాకు గుర్తు లేవు, ఆ సంచి గుర్తుంది.

సత్యనారాయణపురం_గెస్ట్ జవాబు:

పెద్దవాళ్ళు మంచి మనసుతో అడుగుతున్నారు, కాదనను. కానీ నా వైపు కూడా ఒకసారి వినండి.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో గంటకింత అని గెస్ట్‌గా చెప్పేదాన్ని, వారానికి పద్నాలుగు గంటలు. ఎమ్మెస్సీ, లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్ కూడా క్వాలిఫై అయ్యాను. ఒక సెమిస్టర్లో ఒక రిటైర్డ్ సార్ ఉచితంగా చెప్తానని వచ్చారు, చాలా పెద్ద హోదాలో చేసినాయన, ఎంతో మంచివారు, నాతో చాలా గౌరవంగా మాట్లాడేవారు. తర్వాతి సెమిస్టర్ టైమ్ టేబుల్ వచ్చేసరికి నా పద్నాలుగు గంటలు ఆరయ్యాయి. ఆయనకి ఈ సంగతి తెలియదు, నేనూ చెప్పలేదు, ఎలా చెప్తాను. ఆ ఏడాది మా బాబు స్కూలు ఫీజు మా అన్నయ్య కట్టాడు.

పెన్షన్ వచ్చేవాళ్ళు ఉచితంగా క్లాసు చెప్తే మేనేజ్‌మెంట్‌కి అది పొదుపు, మాకు బియ్యం. ప్రభుత్వ కాలేజీల్లో కూడా ఖాళీలు నింపమని అడిగే గొంతు అక్కడ తగ్గిపోతుంది, వాలంటీర్లతో నడిచిపోతోంది కదా అంటారు. దయచేసి సిలబస్ క్లాసు మాత్రం తీసుకోకండి సార్. మాకు రానిది, పుస్తకంలో లేనిది చెప్పండి, మేమూ వచ్చి వెనక బెంచీలో కూర్చుని నేర్చుకుంటాం.

గుంటూరు_కామర్స్ జవాబు:

అమ్మా, ఇది నేనే ముందు రాయాల్సింది, రాయలేదు. సార్, ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మీరు ఇచ్చే కాగితంలోనే రాయండి, టైమ్ టేబుల్లో ఉన్న ఏ పీరియడూ తీసుకోను, వర్క్‌లోడ్ లెక్కల్లో నా గంటలు చూపించకూడదు అని. మధ్యాహ్నం మూడున్నర తర్వాత, లేదా శనివారం. పనికిరాని షరతులా కనపడొచ్చు కానీ స్టాఫ్ రూములో మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

డిప్లొమా_ఎలక్ట్రికల్ జవాబు:

అంకుల్ నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్) చేశాను, ఇప్పుడు సబ్‌స్టేషన్ కాంట్రాక్టు పనులు చేసే కంపెనీలో సైట్ ఇంజినీర్‌ని. మీరు పనికొస్తారా అని అడిగారు కాబట్టి నా సంగతి చెప్తా.

మేం సెకండియర్లో ఉండగా రైల్వేలో చేసి రిటైరైన ఒక సార్ వచ్చేవారు. ప్రతి గురువారం, నాలుగింటికి. వాన పడినా వచ్చేవారు, ఒకసారి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని పావుగంట లేటైతే మాకు సారీ చెప్పారు, మాకు అప్పటిదాకా ఏ పెద్దవాళ్ళూ సారీ చెప్పలేదు. ఆరుగురినే తీసుకున్నారు, అందులో నలుగురం అమ్మాయిలం, ఆయనే కావాలని అట్టా అడిగారంట. ఒక్క రోజు కూడా స్పీచ్ ఇవ్వలేదు. మొదటి రోజు ఆటోనగర్ స్క్రాప్‌లోంచి తెచ్చిన ఐదు హెచ్‌పీ మోటార్ ఒకటి బల్లమీద పెట్టి, ఇది తిరగట్లేదు, ఎందుకో మీరే చెప్పండి అని కుర్చీలో కూర్చుండిపోయారు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పుస్తకంలో ఇండక్షన్ మోటార్ మీద పదహారు మార్కుల ఆన్సర్ అందరికీ నోటికొచ్చు, ఎదురుగా ఉన్న మోటార్‌కి టెర్మినల్ బాక్స్ మూత ఎక్కడుందో తెలీదు.

ఆ ఒక్క మోటార్‌తో రెండు నెలలు గడిచాయి. మూత విప్పటం, లింకులు తీసి స్టారా డెల్టానా చూడటం, మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టి వైండింగ్‌కీ బాడీకీ మధ్య రీడింగ్ తీయటం. మెగ్గర్ తిప్పుతుంటే సూది సున్నా మీదే ఉండిపోయింది, మేము మెగ్గరే పాడైందనుకున్నాం, సార్ నవ్వలేదు, సరే మెగ్గర్ పాడైందో లేదో ఎట్టా తెలుసుకుంటారు అన్నారు. రెండు వైర్లూ కలిపి తిప్పితే సున్నా, విడదీసి తిప్పితే ఇన్ఫినిటీ రావాలి, వస్తే మెగ్గర్ బానే ఉన్నట్టు, అంటే తప్పు మోటార్‌లోనే. అది మేమే కనుక్కున్నాం! ఎండలో రెండ్రోజులు ఆరబెట్టి మళ్ళీ చూశాం, కొంచెం పెరిగింది, తేమ ఉందని అర్థమైంది, తర్వాత ఒక ఫేజు కాలిందని కూడా తేలింది.

కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న, 415 వోల్టుల మోటార్‌కి ఐఆర్ వేల్యూ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్) కనీసం ఎంతుండాలి, తక్కువొస్తే ఏం చేస్తావ్. ఒక మెగోమ్ కంటే తగ్గకూడదు సార్, తగ్గితే ముందు నా మెగ్గర్ చూసుకుంటా, తర్వాత ఆరబెట్టి మళ్ళీ తీస్తా, అప్పటికీ రాకపోతే ఫేజులు విడదీస్తా అన్నాను. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారు. నాకు ఆ గది వాసన కూడా గుర్తొచ్చింది అంకుల్.

సార్ పోయిన సంవత్సరం కాలం చేశారు. అందుకే ఇంత పెద్దగా రాశాను. మీరు తప్పకుండా వెళ్ళండి. రెండొందల మందికి వద్దు, ఆరుగురు చాలు. అమ్మాయిల్ని కూడా పిలవండి, ముందు బెంచీలో కూర్చున్నా స్క్రూ డ్రైవర్ మాత్రం అబ్బాయిల చేతికే వెళ్తుంది, మీరే చేతికివ్వాలి.

కాలవగట్టు జవాబు:

ఇరిగేషన్‌లో చేసి వచ్చినవాణ్ణి. ఈ పాప రాసింది చదివాక కాసేపు ఆగి రాస్తున్నా.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఎవరిని పిలిచారో గుర్తుందిగా, డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారిని. ఎప్పుడో రిటైరైన మనిషి, అప్పటికి ఎనభైకి దగ్గర్లో ఉన్నారు, పారే నీళ్ళమీద గేటు స్థానంలో అడ్డంగా పెట్టే ఇనప పలక, అదే స్టాప్‌లాగ్ దింపించి నీళ్ళు ఆపించారు. మూడు వారాలకే సెప్టెంబర్ మొదట్లో మన ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చి, పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లని (గేటు బరువుకి తూకంగా ఉండే దిమ్మెల్ని) గుద్దితే మళ్ళీ ఆయనే. నాకు సంతోషం ఎంత కలిగిందో దిగులూ అంతే కలిగింది. ఇన్ని డ్యాములున్న రాష్ట్రాల్లో అందరూ ఒక్క మనిషి వైపే చూడాల్సి వచ్చిందంటే ఆ విద్య పక్కన నిలబడి నేర్చుకున్న కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారు? 70 గేట్ల బ్యారేజీ ఊళ్ళోనే ఉంది, సివిల్, మెకానికల్ చదివే పిల్లలు రోజూ దానిమీదుగా తాడేపల్లి వైపు పోతారు, కౌంటర్ వెయిట్ ఎందుకుందో అడిగితే ఎంతమంది చెప్తారు?

అందుకని బుడమేరు వరద అయ్యాక నేనొక పని చేశా. సింగ్ నగర్ వైపు ఇళ్ళున్న డిగ్రీ పిల్లలు ఏడుగురు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటుంటే వాళ్ళ లెక్చరర్‌ని అడిగి తీసుకున్నా. గోడలమీద వరద మరక ఇంకా ఉంది. మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు ఒకటి, టేపు ఒకటి, నోటుబుక్కు. వీధి వీధికీ మరక ఎంత ఎత్తులో ఉందో కొలిచాం, ఉత్తినే నేలనుంచి కొలిస్తే లాభంలేదు, నేలే ఎత్తుపల్లాలు కదా, అందుకని ఒక స్థిరమైన గుర్తు పెట్టుకుని దాన్నుంచి ట్యూబుతో లెవెల్ మోసుకుంటూ పోవాలి. రెండు రోజులు తికమకపడ్డారు, మూడో రోజు వాళ్ళే నన్ను సరిదిద్దారు. ఎక్కడ నీళ్ళు ముందొచ్చాయి, ఎటునుంచి ఎటు పోయాయి, ఏ డ్రెయిను దగ్గర నిలబడ్డాయి అని ఇంటింటికీ అడిగి మ్యాపు గీశారు. అందులో ఇద్దరి ఇళ్ళు పీకల్దాకా మునిగినవే. వాళ్ళింటి గోడని వాళ్ళే కొలుస్తుంటే నేను కాసేపు పక్కకి పోయి నిలబడ్డాను.

మీరు స్కీము ఏదన్నా ఉందా అనుకుంటుంటే ఉంది. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని తెచ్చింది, తన రంగంలో కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉండాలి, పీహెచ్‌డీ అక్కర్లేదు, జీతం లేకుండా గౌరవంగా చేసే రకం కూడా అందులో ఉంది, మంజూరైన పోస్టులకి ఇవి అదనం కాబట్టి పైన అమ్మ చెప్పిన ఇబ్బంది కూడా కాయితం మీద రాకూడదు. పెద్ద కాలేజీలు, యూనివర్సిటీలైతే అడగండి. మామూలు కాలేజీలో ఆ హోదా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మన మోకాళ్ళు ఆగవు. ముందు పిల్లల దగ్గరికి పోండి.

థర్మల్_రిటైర్డ్ జవాబు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి రెండుసార్లు చదివాను, పొద్దున ఘాట్ దగ్గర మావాళ్ళు ముగ్గురికీ పైకి చదివి వినిపించాను. బ్యాంకాయన అయితే ఇంటికి పోయి బీరువాలో పాత చెక్కులు వెతుకుతున్నారంట అప్పుడే.

సత్యనారాయణపురం అమ్మా, నీ మాట మాత్రం మనసులో గుచ్చుకుంది. ఆ రిటైర్డ్ ఆయన స్థానంలో నేనే ఉండి ఉంటే నాకూ తెలిసేది కాదు. పీరియడ్ ఒక్కటి కూడా తీసుకోం అని రాసే ఇస్తాం, నలుగురం సంతకాలు పెడతాం. మేము ఏ రోజు వస్తామో అక్కడి గెస్ట్ లెక్చరర్లకి కూడా ముందే చెప్పి, వాళ్ళకి అభ్యంతరం ఉంటే ఆ పని వదిలేస్తాం.

ఇవాళ ఒక కాలేజీ ఎలక్ట్రికల్ హెచ్‌ఓడీ గారికి ఫోన్ చేశాను. ఈసారి "ఏదన్నా" అనలేదు. మంగళవారాలు, నాలుగింటి నుంచి ఐదున్నర, పది వారాలు, ఆరుగురు పిల్లలు, ల్యాబ్‌లో ఒక మూల, మీ బీరువా ఒకసారి చూపించండి, ఏదన్నా పాడైతే ఖర్చు మాది అని రాసిస్తాం అన్నాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, సార్ లోపల ఒక సింక్రనైజింగ్ ప్యానెల్ ఉంది, నేను చేరినప్పటినుంచి ఎవరూ ఆన్ చెయ్యలేదు, దానిసంగతి చూస్తారా అన్నారు. చూస్తారా అంటే! కంట్రోల్ రూములో ఏళ్ళతరబడి నేను చేసిందే ఆ పని, గ్రిడ్డుకి యూనిట్‌ని కలిపేటప్పుడు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కలిసి, సింక్రోస్కోప్ ముల్లు నెమ్మదిగా తిరుగుతూ గడియారంలో పన్నెండు ఉండే చోటికి వచ్చే క్షణంలో బ్రేకర్ వెయ్యటం. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో చెయ్యి వణికేది. ఆ వణుకు పిల్లలకి ఒక్కసారి తెలిస్తే చాలు.

డిప్లొమా అమ్మాయీ, మీ సార్ గురించి రాసినందుకు నీకు రుణపడి ఉంటాం. నేను చదువుతుంటే మా లోకో షెడ్ ఆయన మధ్యలో ఆపమన్నారు, ఆయన మీ సార్‌ని ఎరుగుదురనుకుంటా. ఒక్క మాట అడగాలి, ఆ మెగ్గర్ చేత్తో తిప్పేదా, డిజిటల్‌దా? మేము కొనేదుంది.

డిప్లొమా_ఎలక్ట్రికల్ జవాబు:

చేత్తో తిప్పేదే అంకుల్, 500 వోల్టులది. డిజిటల్ కొనకండి, సూది కదలటం పిల్లలు చూడాలి. మంగళవారం అన్నారు కదా, రెండో వారం నాకు సైట్ గొల్లపూడిలోనే, నాలుగున్నరకి వచ్చేస్తాను. స్క్రూ డ్రైవర్లు నావే రెండు సెట్లున్నాయి, తెస్తాను.